మూడు పెన్నుల షుగరు పుస్తకం

జూన్ 3, సోమవారం

రేపు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి. కాబట్టి ఈ సాయంత్రం కూర్చుని నెల రోజుల షుగరు రాసేశాను.

ఒక్క సాయంత్రంలో నెల రోజుల షుగరు రాయడం అనుకున్నంత తేలిక కాదు. వరసగా అన్నీ నూట ఇరవైలే వేస్తే పసిపిల్లలకైనా అనుమానం వస్తుంది. మధ్యమధ్య ఒక నూట నలభై ఎనిమిది పడాలి. ఆదివారాలు కాస్త పెంచాలి, మనిషన్నాక ఆదివారం నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు కదా. ఒకటి రెండు రోజులు మరిచిపోయినట్టు ఖాళీ వదలాలి. పెన్నులు మార్చాలి: నీలం, నలుపు, సిరా అయిపోవచ్చిన ఇంకో నీలం. చివర్లో పేజీ మూల మీద ఒక టీ చుక్క పడేశాను. అది నా సొంత తెలివి. మిగతాదంతా మూడు పెన్నులాయన విద్య.

ఆయన మా కంపెనీలోనే లిఫ్టు మెకానిక్కుగా చేసేవాడు. ప్రతి లిఫ్టుకీ పైన మెషిన్ రూములో ఒక రిజిస్టరు ఉంటుంది. వారం వారం వెళ్ళి, తాళ్ళు చూశాం, బ్రేకు చూశాం, తలుపుల లాకులు చూశాం అని రాసి సంతకం పెట్టాలి. ఆయన నెలాఖరున ఒక్కసారి వెళ్ళి నాలుగు వారాలూ నింపేసేవాడు, మూడు పెన్నులతో. పదకొండేళ్ళ కిందట పట్టుకున్నది నేనే. మేనేజరు ముందు రిజిస్టరు తెరిచి, "చూడండి సార్, సెలవు పెట్టిన రోజున కూడా బ్రేకు చూశాడట" అన్నాను. ఆయన ఉద్యోగం పోయింది. నేను రాసే లిఫ్టు రిజిస్టర్లలో మాత్రం ఇరవై ఆరేళ్ళలో ఒక్క అబద్ధం లేదు. ఒట్టు.

షుగరు పుస్తకం సంగతి వేరు. అది నా ఒంటి గొడవ.

పాత రిజిస్టరు ఒకటి సగం ఖాళీగా ఇంట్లో పడి ఉంటే ఈ డైరీ దాంట్లో రాస్తున్నాను. మా ఆవిడ "ఏంటండీ అంత దీక్షగా రాస్తున్నారు?" అంది. ఆఫీసు రిపోర్టన్నాను.

జూన్ 4, మంగళవారం

డాక్టరుగారి ఆసుపత్రి నాలుగో అంతస్తులో. ఆ బిల్డింగు లిఫ్టు చూసేది మేమే. ఆవిడకి తెలియదు. సర్వీసుకి గురువారం పొద్దున్నే ఆవిడ రాకముందు యూనిఫారంలో వెళ్తాను. రోగిగా మంగళవారం ఇస్త్రీ చొక్కాలో వెళ్తాను. నాలుగేళ్ళుగా ఇదే వరస.

పుస్తకం చూసింది. రక్తం రిపోర్టు చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది.

"ఇదేంటండీ, మీ పుస్తకం ఒకటి చెప్తోంది, మీ రక్తం ఒకటి చెప్తోంది. ఇందులో ఏదీ నూట యాభై దాటలేదు. మూడు నెలల సగటేమో తొమ్మిది పాయింట్ ఒకటి, ఏడు లోపుండాల్సింది. నన్ను దేన్ని నమ్మమంటారు?"

"మిషను పాతదండి."

"మార్చండి. ఇక ఇన్సులిన్ మొదలుపెడదామా?"

"వద్దండి. ఈసారికి చూడండి."

"చూడ్డానికి ఇదేమైనా సినిమానా?" అని నిట్టూర్చింది. ఆవిడ కళ్ళ కింద కూడా నల్లగా ఉంది. బయట పదిమందికి పైనే కూర్చుని ఉన్నారు. "సరే, ఈ చిన్న మాత్ర రెండు పూటలా చేస్తున్నాను. ఇది వేసుకుని తిండి మానేస్తే షుగరు దబ్బున పడిపోతుంది, జాగ్రత్త. అలా ఎప్పుడైనా అయిందా? చెమటలు, వణుకు, మాట తడబడ్డం?"

"అబ్బే, లేదండి." జేబులో ఎప్పుడూ ఉండే బిస్కెట్ల సంగతి ఎత్తలేదు.

"ఏం పని చేస్తారన్నారు?"

"మెయింటెనెన్సండి."

"కూర్చుని చేసేదేనా?"

"ఎక్కువ కూర్చునేనండి."

అబద్ధం కాదు. లిఫ్టు పెట్టె పైకప్పు మీద కూర్చునే చేస్తాం.

ఇన్సులిన్ అంటే నాకు సూది భయం కాదు. కాగితం భయం. ఏటా కంపెనీకి ఇచ్చే ఫిట్‌నెస్ కాగితంలో రెండు గడులుంటాయి. కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం ఉందా? సూది మందు వాడుతున్నారా? దేంట్లో టిక్కు పడినా లిఫ్టు తిరిగే షాఫ్టులోకి దిగనివ్వరు. వర్కుషాపులో బల్ల ముందు కూలేసి పాత తలుపు లాకులు బాగుచేయిస్తారు. అక్కడ ఇప్పుడు ఇద్దరున్నారు. ఒకాయనకి చూపు పోయింది, ఇంకొకాయనకి మోకాళ్ళు పోయాయి. మధ్యాహ్నం భోజనం చేసి అక్కడే కునుకు తీస్తారు. నాకింకా యాభై రెండే.

జూన్ 5, బుధవారం

మాత్ర రెండు పూటలా. బాగానే ఉంది.

జూన్ 9, ఆదివారం

భోజనం ఆలస్యమైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. మా ఆవిడ చూసింది. ఆకలికి అన్నాను. "ఆకలికి చెయ్యి వణకడం నేనెక్కడా చూళ్ళేదు" అంది. ఇప్పుడు చూశావు కదా అన్నాను. ఆమె కంచం ముందు పెట్టింది. ఆ పూట ఇద్దరు తినేది నేనొక్కణ్ణే తిన్నాను.

జూన్ 13, గురువారం

పెట్టె మీద కూర్చుని తాళ్ళకి నూనె రాస్తుంటే ఒళ్ళంతా ముచ్చెమటలు. మూడు తాళ్ళు ఆరుగా కనపడ్డాయి. జేబులో బిస్కెట్లున్నాయి కాబట్టి సరిపోయింది. ఎండ దెబ్బ అయి ఉంటుంది.

రాశాక చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. షాఫ్టులో ఎండేమిటి?

ఇప్పుడు జేబులో రెండు ప్యాకెట్లు పెట్టుకుంటున్నాను. పనికి దిగేముందు ఒక ప్యాకెట్టు ముందే తినేస్తే ఏ గొడవా ఉండదు.

జూన్ 18, మంగళవారం

షుగరు చూసే స్ట్రిప్పులు కొందామని ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్ళాను. కౌంటరు వెనక మూడు పెన్నులాయన! జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఈ షాపులో చేరి రెండేళ్ళయిందట. నేనెప్పుడూ చూడలేదు. ఎందుకు చూస్తాను, మాత్రలు మా ఆవిడే తెస్తుంది, స్ట్రిప్పులు నేను కొంటే కదా.

డబ్బా ఇస్తూ నా చేతిలో ఉన్న షుగరు పుస్తకం అడిగి తీసుకున్నాడు. మిషను మోడలు అందులో రాసుంటుందేమో చూస్తానన్నాడు. పేజీలు తిప్పాడు. వేలితో ఒక చోట ఆగాడు. తర్వాత కంప్యూటరులో నా పేరు కొట్టి చూశాడు.

"కిందటేడు నవంబరులో మీ పేరు మీద ఒక డబ్బా తీసుకున్నారు. ఇరవై అయిదు స్ట్రిప్పులు. ఇందులో మే నెల్లోనే యాభై నాలుగు సార్లు చూసుకున్నట్టుంది."

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"టీ మరక బాగుంది. నాకు తట్టలేదు అది" అన్నాడు. వెటకారమేమీ లేదు ఆ గొంతులో. "నేనెవరికీ చెప్పన్లెండి."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. ఇంటిదాకా నడిచే వచ్చాను.

జూన్ 27, గురువారం

బాగానే ఉంది. బిస్కెట్లు రోజుకి మూడు ప్యాకెట్లు.

జూలై 2, మంగళవారం

ఈ రోజు ఏమీ జరగలేదు.

జూలై 3, బుధవారం

ఏమీ జరగలేదు. బావకి నడుం నొప్పిట. షాఫ్టు అడుగునుండే గుంటలోకి నేనే దిగాను.

బావ అంటే మా ఆవిడ అన్నయ్య. పంతొమ్మిదేళ్ళుగా పనిలో నా జోడీ. నేనూ అతన్ని బావా అంటాను, అతనూ నన్ను బావా అంటాడు. షాఫ్టులో మా కేకలు వినేవాళ్ళకి ఎవరెవర్ని పిలుస్తున్నారో బోధపడదు.

జూలై 4, గురువారం

ఇవాళ కూడా నడుం నొప్పే. అతను పైన, నేను కింద.

జూలై 5, శుక్రవారం

బావ కొత్త హెల్మెట్ పెట్టుకొచ్చాడు. పాతది పాతబడిందన్నాడు స్టోరులో.

జూలై 8, సోమవారం

నడుం నొప్పి ఉన్నవాడు ఇవాళ మోటారు మూత ఒక్కడే ఎత్తి పక్కన పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. అతనూ నన్ను చూశాడు. "ఇప్పుడు పర్లేదు, కిందకి వంగితేనే పట్టేస్తోంది" అన్నాడు. నేను చెప్పమని అడగలేదు.

బావ నా కింద దిగడం మానేశాడు. పైన స్విచ్చు దగ్గర నేనుంటే అతను గుంటలోకి దిగడు. అంతే సంగతి.

జూలై 10, బుధవారం

మా ఆవిడ అడిగింది. "అన్నయ్య హెల్మెట్ పగిలిందటగా, వదిన చెప్పింది. ఎలా పగిలిందండీ? మీకు తెలీదా?"

"పై నుంచి పడింది" అన్నాను.

"ఏం పడింది?"

"హెల్మెట్టే."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఉతికిన బట్టలు మడతపెట్టుకోవడానికి లేచి వెళ్ళింది. ఇక రాయక తప్పదు. ఇంట్లో అబద్ధం, ఆసుపత్రిలో అబద్ధం, ఇందులో కూడా అబద్ధమేనా? ఇది చదివేది నేనొక్కణ్ణేగా.

రెండో తారీకు, మంగళవారం. ఏడంతస్తుల అపార్టుమెంటు. బావ గుంటలోకి దిగాడు, నేను పైన మెషిన్ రూములో ఉన్నాను. గుంటలో కూడా లిఫ్టుని ఆపే స్విచ్చు ఒకటుంటుంది. ఆ రోజు చెడిపోయింది ఆ స్విచ్చే, దాన్ని బాగుచేయడానికే దిగాడు. కాబట్టి అతని ప్రాణానికి కాపలా పైన మెషిన్ రూములో ఉన్న మెయిన్ స్విచ్చొక్కటే. దాన్ని ఆపి, బావ తన ఎర్ర ట్యాగు దానికి కట్టి మరీ దిగాడు. ట్యాగు మీద అతని చేతిరాత: "మనిషి లోపల ఉన్నాడు. తీయకు." మా పనిలో చదువు రానివాడికి కూడా తెలిసిన రూలు ఒక్కటే. ట్యాగు ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. దేవుడొచ్చి అడిగినా ఇంకొకడు విప్పకూడదు.

ఆ ట్యాగు నేను విప్పాను.

ఎందుకు విప్పానో తెలియదు. పొద్దున మాత్ర వేసుకున్నాను. జేబులో బిస్కెట్లు లేవు, ఇంకో చొక్కాలో ఉండిపోయాయి. పదకొండు దాటింది. చెమటలు పట్టడం గుర్తుంది. ఈ లిఫ్టు ఎవరో ఆపేశారు, జనం తిట్టుకుంటారు, త్వరగా పెట్టెయ్యాలి అని ఒకటే తొందర గుర్తుంది. ఎంత స్పష్టంగా అనిపించిందో! స్విచ్చు వేశాను. మోటారు తిరిగింది. కింద నుంచి "బావా! బావా!" అని కేక. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు అనుకున్నాను. నవ్వు కూడా వచ్చినట్టుంది. అప్పుడు చేతిలో ఏదో ఉందని చూసుకుంటే ఆ ట్యాగు. "మనిషి లోపల ఉన్నాడు." రెండోసారి చదివాక స్విచ్చు ఆపాను.

పెట్టె కింది అంతస్తు దాకా దిగింది. అతను నేలకి కరుచుకుని పడుకున్నాడు. పడుకోకముందే హెల్మెట్టుకి తగిలింది. నేను కిందకి దిగి అతన్ని పైకి లాగినప్పుడు ఒళ్ళంతా గ్రీజు. నా మొహం చూసి, పరిగెత్తి ఎవరింట్లోంచో పంచదార నీళ్ళు తెచ్చి తాగించాడు. చావు తప్పినవాడు అతను, నీళ్ళు తెచ్చిందీ అతనే. కంపెనీకి చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు. నాతో కూడా ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే నేను ఇందులో "ఏమీ జరగలేదు" అని రాసుకున్నాను.

ఆ రోజు నా చేతుల్లో బావ పోతే మా ఆవిడకి ఏమని చెప్పేవాణ్ణి?

జూలై 11, గురువారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనే ఎత్తాను. "నడుం ఎలా ఉంది?"

"నడుం బాగానే ఉంది" అన్నాడు బావ. "భయంగా ఉంది."

నేను తల దించుకున్నాను.

"నీ చేతిలో పోవడానికి నాకేం బాధ లేదు బావా. మా చెల్లికి మాత్రం అన్నా పోతాడు, మొగుడూ జైలుకి పోతాడు. ఒకే దెబ్బకి రెండూ. అది మరీ అన్యాయం కదా."

నవ్వించడానికే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అతను అటు తిరిగి చెయ్యి కడుక్కున్నాడు.

"కంపెనీకి నువ్వు చెప్తావో లేదో నాకనవసరం. డాక్టరుకి చెప్పు. నువ్వు చెప్పకపోతే మంగళవారం నీ పక్కన కూర్చుని నేను చెప్తా."

"చెప్తే షాఫ్టు పోతుంది. చెప్పకపోతే నువ్వు దిగవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"గొయ్యిలో ఉన్నది నేను బావా. నువ్వు కాదు."

జూలై 15, సోమవారం

షుగరు పుస్తకం నింపలేదు. పెన్నులు మూడూ బల్ల మీదే ఉన్నాయి. చాలా అలసటగా ఉంది.

మా ఆవిడకి చెప్పేశాను. కేకలేస్తుందనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, చాలాసేపు కట్టలేదు. వచ్చి, "రేపు నేనూ వస్తాను" అంది. వద్దన్నాను. "సరే, అన్నయ్య వస్తాడా?" అంది. వద్దు, నేనే చెప్తానన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పేమీ లేదు.

జూలై 16, మంగళవారం

వరసలో ఆఖరి నంబరు అడిగి తీసుకున్నాను. లోపలికి వెళ్ళాక చొక్కా జేబులోంచి మూడు పెన్నులూ తీసి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటిని చూసి, నన్ను చూసి, "ఇదేంటండీ, కానుకా?" అంది.

చెప్పేశాను. పుస్తకం, బిస్కెట్లు, చెమటలు, ట్యాగు, బావ. మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. అయ్యాక కళ్ళద్దాలు తీసి రెండు వేళ్ళతో కళ్ళు నొక్కుకుంది.

"నాలుగేళ్ళుగా మీరు చెప్పిన జబ్బుకి నేను మందు రాశాను. మీకున్న జబ్బుకి కాదు" అంది. "ఏం జరిగిందో అర్థమైందా మీకు? పడిపోతుందని భయపడి రోజంతా తిన్నారు. తింటే సగటు పెరిగింది. సగటు చూసి నేను మాత్ర పెంచాను. మాత్ర పెరిగితే ఇంకా పడిపోయింది. మీరు ఇంకా తిన్నారు. నేనూ ఒక చెయ్యి వేశాను ఆ అబ్బాయి మీదికి లిఫ్టు దింపడానికి."

ఆ అబ్బాయికి యాభై ఆరు. నేను సరిదిద్దలేదు.

"అసలు ఏం లిఫ్టులండీ మీవి? ఎక్కడ?"

"ఇదేనండి. ఈ బిల్డింగుది కూడా మాదే."

ఆవిడ మొహం మారింది. మంచి కోపం వచ్చింది. "నేను రోజుకి రెండుసార్లు ఎక్కుతాను. మా అమ్మని చక్రాల కుర్చీలో తీసుకొస్తాను అందులో. మా లిఫ్టు పుస్తకం కూడా ఇలాగే రాస్తారా?"

ఈ ఇరవై ఆరేళ్ళలో నన్ను ఎవరూ అడగని మాట అది. నేను ఇంకొకరిని అడిగిన మాట.

"లేదండి. ఒట్టండి. మీరు పైకి రండి, రిజిస్టరు చూపిస్తాను, తాళ్ళు చూపిస్తాను."

"నాకు తాళ్ళ గురించి ఏం తెలుసండీ? మీకు మాత్రల గురించి తెలిసినంత. మీరు రాసింది నమ్మి ఎక్కుతాను. మీరు రాసింది నమ్మే మందిస్తాను. ఇంక నా దగ్గరేముంది?"

బయట నర్సు తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసింది.

తర్వాత ఆవిడ కొత్త కాగితం తీసుకుంది. "మీ పనేంటో మొదట్నించీ చెప్పండి. ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి తింటారు, ఎంతసేపు లోపలుంటారు." చెప్పాను. రాసుకుంది. ఆ చిన్న మాత్ర ఈ రోజు నుంచే ఆపెయ్యమంది.

"ఇంకో రకం ఉంది. షుగర్ని మూత్రంలో బయటికి పంపేస్తుంది. గుండెకి మంచిది, కిడ్నీకి మంచిది."

"అంటే మూత్రం ఎక్కువొస్తుందా అండీ?"

"వస్తుంది."

"గుంటలో దిగితే గంటన్నర పైకి రావడం కుదరదండి."

ఆవిడ మొదటిసారి నవ్వింది. "మందుల పుస్తకంలో రాయలేదు ఇది" అని ఆ పేరు కొట్టేసింది. వారానికో సూది గురించి చెప్పింది. దానికి ఆకలి చచ్చిపోతుంది, కడుపులో తిప్పుతుంది, మనిషి సన్నబడతాడు. నన్ను ఎగాదిగా చూసి, మీలో తగ్గడానికేమీ లేదని తనే వద్దనుకుంది. నెమ్మదైన మాత్ర ఒకటుందట. అది తిండి తిన్నప్పుడే పనిచేస్తుంది, దానంతట అది షుగర్ని పడెయ్యదు. కానీ తొమ్మిదిని దించే బలం దానికి ఒక్కదానికే ఉండకపోవచ్చు. చాలకపోతే పడుకునేముందు కొంచెం ఇన్సులిన్.

ఆ పేరు వినగానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

"మీరే చెప్పండి, ఏదైనా వేసుకుంటాను" అన్నాను.

"అలా కాదు. వేసుకోవాల్సింది మీరు, ఇంకో పాతికేళ్ళు. దేనికి దేన్ని వదులుకుంటారో మీరు చెప్పాలి. ఇన్సులిన్ తీసుకుని, రోజూ నిజంగా చూసుకుంటే, షరతులు పెట్టి షాఫ్టుకి ఉత్తరం రాయగలను. వద్దని దాచుకుంటే ఇప్పటిలా ఉంటుంది. మూడు నెలలు మాత్రం షాఫ్టు లేదు. దాంట్లో బేరం లేదు."

నేను నాలుగేళ్ళు తప్పించుకున్న సూదీ, బల్లా రెండూ ఒకే పూట ఒప్పుకున్నాను. బయటికొచ్చేటప్పుడు పెన్నులు మరిచిపోయాను. వెనక్కి పిలిచి రెండు తను ఉంచుకుని ఒకటి నా చేతిలో పెట్టింది.

కిందకి మెట్ల మీంచి దిగాను. లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు.

జూలై 17, బుధవారం

మేనేజరుకి చెప్పాను, ట్యాగు సంగతితో సహా. వారం సస్పెన్షను, తర్వాత బల్ల. బావ కంపెనీకి చెప్పనందుకు అతనికీ మెమో ఇచ్చారు. గోరుచుట్టు మీద రోకలి పోటు. "పోన్లే, ఫ్రేము కట్టించుకుంటా" అన్నాడు బావ.

జూలై 26, శుక్రవారం

పొద్దున 211. మధ్యాహ్నం 264. సాయంత్రం 198. పుస్తకం చూడ్డానికి అసహ్యంగా ఉంది.

ఆగస్టు 2, శుక్రవారం

తలుపు లాకులు. రోజుకి పద్నాలుగు. చూపు పోయినాయన చేత్తో తడిమే ఏ స్ప్రింగు అరిగిందో చెప్పేస్తాడు. మోకాళ్ళాయన గురకపెడతాడు. నన్ను వాళ్ళేమీ అడగలేదు. నేను మొదటి రోజు కునుకు తీసేదాకా చూసి, ఆ తర్వాత మాటలు కలిపారు.

ఆగస్టు 13, మంగళవారం

మాత్ర ఒక్కటే చాలలేదు. ఇన్సులిన్ మొదలు. పడుకునేముందు ఎనిమిది యూనిట్లు. మా ఆవిడ పక్కన నిలబడి చూసింది. "ఇంతేనా?" అంది. "ఈ చీమ కాటుకా నాలుగేళ్ళు?"

పక్కకి తిరిగి పడుకున్నాను.

ఆగస్టు 24, శనివారం

స్ట్రిప్పులు కొన్నాను. "ఈ నెల్లో మూడో డబ్బా" అన్నాడు మూడు పెన్నులాయన. ఆయనకి క్షమాపణ చెప్పాలనిపించింది. ఎందుకో తెలియదు, ఆయన చేసింది తప్పే. ఆ తప్పుని పట్టుకున్న చేత్తోనే... ఏమో. చెప్పలేదు. డబ్బా పట్టుకుని కాసేపు నిలబడ్డాను. "వానొచ్చేలా ఉంది, వెళ్ళండి" అన్నాడు.

సెప్టెంబరు 6, శుక్రవారం

బావ రోజూ పదిన్నరకి ఫోన్ చేస్తాడు. "ఎంత?" అంటాడు. హలో లేదు, ఏమీ లేదు. ఇవాళ పనిలో పడి చూసుకోలేదు. అలవాటు కొద్దీ "నూట ముప్పై" అన్నాను.

అవతల సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"చూసుకోలేదు బావా" అన్నాను.

"చూసుకో. నేనిక్కడ గుంట పక్కన కూర్చునుంటా."

అతనికిప్పుడు జోడీ ఇంకొకడు. నా షుగరుతో అతని గుంటకేం పని? అయినా ఫోను పెట్టలేదు. 176 అని చెప్పాక పెట్టాడు.

సెప్టెంబరు 19, గురువారం

ఏమీ జరగలేదు. నిజంగానే.

అక్టోబరు 15, మంగళవారం

సగటు ఏడు పాయింట్ ఎనిమిది. డాక్టరుగారు పుస్తకమంతా తిప్పి, "ఎంత అందవికారంగా ఉందో!" అని మురిసిపోయింది. ఉత్తరం రాసింది. సూది మందు గడిలో టిక్కు పెట్టింది. షరతు: షాఫ్టులోకి దిగేముందు, జోడీ దిగేముందు, చూసుకోవాలి. వందకి తక్కువుంటే పని లేదు. తిని, మళ్ళీ చూసి, దాటాకే. మేనేజరు ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, అయిష్టంగానే సంతకం పెట్టాడు.

అక్టోబరు 24, గురువారం

షాఫ్టుకి మళ్ళీ మొదటి రోజు. జోడీ బావే. అడిగి మరీ వేయించుకున్నాడట. మొదటి లిఫ్టు ఆసుపత్రి బిల్డింగుది.

హుషారులో పొద్దున సరిగా తినలేదు. ఏడున్నరకి మెషిన్ రూములో మెయిన్ స్విచ్చు ఆపాం. బావ తన ట్యాగు కట్టాడు. ఆ కొత్త ట్యాగు మీద రాత పాతదే. నాకు చేతులు చల్లబడ్డాయి. అది భయమో, షుగరో తెలియలేదు. మిషను తీసి చూసుకున్నాను.

84.

వంద అని చెప్పొచ్చు. మిషను నా చేతిలోనే ఉంది, అతను దాన్ని చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. పదహారే తేడా. మొదటి రోజే ఇలాగా అని ఎంత సిగ్గేసిందో.

"ఇప్పుడు కాదు బావా. ఎనభై నాలుగు" అన్నాను.

"అయితే పద, టిఫిను చేద్దాం" అన్నాడు. అంతే. కింద లిఫ్టు తలుపుకి "పనిలో ఉంది" బోర్డు పెట్టి, మెట్ల మీద కూర్చుని అతని డబ్బా విప్పాం. తిన్నాక పదిహేను నిమిషాలు ఆగాలి. 93. ఇంకో పదిహేను. అప్పటికి జనం మొదలయ్యారు. ఒకాయన లిఫ్టు వైపు చూసి మమ్మల్ని తిట్టుకుంటూ మెట్లెక్కాడు. కూర్చుని తింటున్నారు చూడు అని వినపడేలాగే అన్నాడు.

ఎనిమిదిన్నరకి డాక్టరుగారు వచ్చింది. ఈ రోజు తొందరగా వచ్చింది. బోర్డు చూసింది, నన్ను చూసింది. రిజిస్టరు నా ఒళ్ళో తెరిచే ఉంది, ఆవిడ వంగి చదివింది. అందులో నేను రాసింది: "పని ఒక గంట ఆలస్యం. కారణం: మెకానిక్కు షుగరు 84." కింద సంతకం.

ఆవిడ బ్యాగు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, చెప్పులు టకటకలాడిస్తూ నాలుగంతస్తులూ మెట్లెక్కింది. రెండో అంతస్తు దగ్గర ఆయాసంతో ఆగడం వినిపించింది. తర్వాత మళ్ళీ అడుగులు.

"ఎంత?" అన్నాడు బావ.

చూశాను. 112. ఈసారి మిషను అతని వైపు తిప్పాను.

"నా మొహానికి దాన్ని పెట్టకు, నువ్వు చెప్పు చాలు" అన్నాడు. నన్ను పైన స్విచ్చు దగ్గరికి వెళ్ళమని, లేచి ప్యాంటు దులుపుకుని గుంటలోకి దిగాడు.